రెంటచింతల డిగ్రీలు నీడలో కొలిచినవి!

రెంటచింతల: వచ్చే వారం రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారు పెద్దలు. రుతుపవనాలు మామూలుగా కేరళను తాకేదే జూన్ 1న. అవి పల్నాడు చేరడానికి ఇంకో వారం పైచిలుకు పడుతుంది. అందాకా రేడియోలో రెంటచింతల పేరు మోగుతూనే ఉంటుంది.

అయితే ఆ డిగ్రీలు ఎండలో కొలిచినవి కావు. వాతావరణశాఖ వారి ఉష్ణమాపకం నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని పెట్టెలో, నీడపట్టున ఉంటుంది. మాచర్ల నాపరాతి గనుల్లో, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర కూలివాని నెత్తిన పడేది అంతకు మించిన వేడి. ఆ నీడ లెక్కకే 45 డిగ్రీలు చేరితే వడగాడ్పు, 47 చేరితే తీవ్ర వడగాడ్పు. 2015 వేసవిలో రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు.

తెల్లవారకముందే పనికి పోయి, పదకొండింటికల్లా ఇల్లు చేరడం మేలు. మేస్త్రీలు ఒప్పుకోవాలి గదా!

ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వట్టి దాహం కాదు, వడదెబ్బ. మనిషిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ, విసురుతూ ఆస్పత్రికి తరలించాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో నీళ్ళు పోయరాదు.