పింక్ రిబ్బన్ వాక్: పల్నాడులో రొమ్ము క్యాన్సర్ నడక పెడుతున్నారా..? ముందు ఈ లెక్క చూసుకోండి!

అక్టోబర్ వచ్చిందంటే చాలు.. గులాబీ టీషర్టులు, బ్యానర్లు, ఫొటోలు. రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసం కదా! మరి నడక అయ్యాక ఎంతమంది ఆడవాళ్లు పరీక్ష చేయించుకున్నారు? నరసరావుపేట, మాచర్ల, గురజాలలో నడక పెట్టాలనుకునేవాళ్లు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే.

ఎందుకింత ముఖ్యం?
2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 98 వేల మందికి పైగా చనిపోయారు. చాలామంది ముదిరాకే ఆసుపత్రికి రావడం ఇందుకు పెద్ద కారణం. తొలి దశలో గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు.

మొదలు ఎక్కడ?
అమెరికాలోని డల్లాస్‌లో 1983లో మొదలైన పరుగు ఇలాంటి కార్యక్రమాలకు దారి చూపింది. మన దగ్గర డాక్టర్ పి.రఘురామ్ 2007లో హైదరాబాద్‌లో స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ కేబీఆర్ పార్కు దగ్గర పింక్ రిబ్బన్ వాక్‌లు నిర్వహించింది.

ఏర్పాట్లు ఇలా..
ముందుగా రూటు, సమయం, ఎంతమంది వస్తారో రాసి పోలీసుల అనుమతి తీసుకోవాలి. రెండు, మూడు కిలోమీటర్లు చాలు. మంచినీళ్లు, ప్రథమ చికిత్స దగ్గర పెట్టుకోవాలి. అక్టోబర్ అంటే పత్తి తీతల కాలం. కూలీలు పొద్దున్నే పొలం వెళ్లిపోతారు, ఆదివారమైనా సరే. అందుకే నడక ఉదయం పెట్టినా, పరీక్షల శిబిరం సాయంత్రం పెడితేనే వాళ్లు రాగలరు. డ్వాక్రా సంఘాలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలను ముందే కలుపుకోవాలి. పరీక్ష గదిలో మహిళా సిబ్బందే ఉండాలి.

చేత్తో పరీక్ష సరిపోతుందా?
ముంబైలో లక్షన్నర మంది మహిళలపై 20 ఏళ్లు సాగిన అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించిన వర్గంలో, 50 దాటిన మహిళల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన మహిళలకు ఈ పరీక్ష ఉచితం.

డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి?
అసలు విషయం ఇక్కడే ఉంది. అర్హులకు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స ఉచితంగా అందుతుంది. కానీ దారి ఖర్చులు, తోడు వచ్చేవాళ్ల భోజనం, పోయిన కూలి ఎవరిస్తారు? గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉంది. మాచర్ల నుంచి అక్కడికి వంద కిలోమీటర్లకు పైనే. రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. ఈ ఖర్చుకు భయపడి మధ్యలో మానేస్తే ప్రాణానికే ముప్పు. కాబట్టి టీషర్టులు తగ్గించి, ఆ డబ్బు ప్రయాణ సాయానికి పెట్టండి. ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి. జమా ఖర్చులు అందరికీ కనిపించేలా పెట్టండి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు
రొమ్ములో లేదా చంకలో గడ్డ, చర్మం సొట్ట పడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తంతో కూడిన స్రావం. గడ్డలన్నీ క్యాన్సర్ కావు. కానీ అది తేల్చాల్సింది డాక్టరే.

నడక ముగిశాక ఒక జాబితా తప్పనిసరి. అనుమానం ఉన్నవాళ్లు ఎవరు, గుంటూరు వెళ్లారా, రిపోర్టు వచ్చిందా? నెల తర్వాత ఒక్కొక్కరినీ అడగాలి. ఆ వివరాలు మాత్రం గోప్యంగా ఉంచాలి. బ్యానర్ మీద ఫొటోల కంటే ఆ జాబితానే నడకకు అసలైన ఫలితం.