మన్యం కొండల్లో చారిటీ ట్రైల్ రన్: డబ్బు ఎటు పోతుంది, దారి ఎవరిది?

పోయిన ఎపిసోడ్ కింద ఒకే ప్రశ్న చాలామంది అడిగారు: "అన్నా, అల్లూరి సీతారామరాజు తిరిగిన కొండల్లో చారిటీ ట్రైల్ రన్ పెడితే పరిగెడతావా?" ఆయ్, పరిగెడతానండి. కాకపోతే ముందు రెండు విషయాలు తేలాలి.

మొదటిది డబ్బు. ఇలాంటివాటికి బాగా పేరున్న ఉదాహరణ ట్రైల్‌వాకర్. 1981లో హాంకాంగ్‌లో గూర్ఖా సైనికుల శిక్షణగా మొదలైంది. 1986లో ఆక్స్‌ఫామ్ చేరాక మామూలు జనాన్నీ రానిచ్చారు. నలుగురు ఒక జట్టు, కొండదారిలో 100 కిలోమీటర్లు, 48 గంటలు. అసలు కిటుకు ఏంటంటే అక్కడ ఎంట్రీ ఫీజు వేరు, విరాళం వేరు. ప్రతి జట్టూ చుట్టాల్నీ ఆఫీసువాళ్ళనీ అడిగి కనీసం ఇంత అని పోగుచేయాలి. ఎందుకంటే టీషర్టు, మెడల్, అంబులెన్సు, నీళ్ళకే ఫీజు చాలావరకు కరిగిపోతుంది. "మీ ఫీజు మొత్తం గిరిజన పిల్లల చదువుకే" అని పోస్టర్ కనిపిస్తే, మరి మెడల్స్ ఎవరు కొన్నారని అడగండి. నేనొకసారి ఒక 10కే రన్‌కి ఫీజు కట్టి, డబ్బు ఎవరికి చేరిందని మెయిల్ పెట్టాను. జవాబుగా వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ లింకు వచ్చింది!

రెండోది దారి. మాది సామర్లకోట. కాలవ గట్టు మీద ఎంత పరిగెత్తినా వాచీలో ఎక్కిన ఎత్తు దాదాపు సున్నాయే. ఏలేశ్వరం, అడ్డతీగల దాటి రాజవొమ్మంగి వైపు వెళ్తే లెక్క మారిపోతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన నడిచేవాళ్ళకి ఒక సూత్రం చెప్పాడు: గంటకి సుమారు 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. అంటే 20 కిలోమీటర్లలో 1,200 మీటర్లు ఎక్కితే నాలుగు గంటలు కాదు, ఆరు. దిగడం ఇంకా మోసం. తొడ కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి, ఆ నొప్పి మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు 1922 ఆగస్టు చూడండి. 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అదీ వానాకాలం, స్టేషన్లలో దొరికిన తుపాకులు మోసుకుంటూ! అంత కోపం ఎందుకంటే, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయానికీ, అడవిలో తిరగడానికీ ఆంక్షలు పెట్టారు. పైగా గూడెం కొండల్లో రోడ్డు పనులు అదే గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా చేయించారు. వాళ్ళ అడవిలో వాళ్ళకి దారి మూసి, బయటివాళ్ళ కోసం వాళ్ళ చేతే రోడ్డు వేయించారన్నమాట.

అక్కడ మనం నంబరు తగిలించుకుని పరిగెత్తాలంటే ఎవరిని అడగాలి? అటవీశాఖ అనుమతి ఉంటే చాలంటారు కొందరు. కానీ చింతపల్లి, రాజవొమ్మంగి ఐదో షెడ్యూల్ ప్రాంతంలోవి. 1996 పెసా చట్టం అక్కడి గ్రామసభల మాటకి విలువిచ్చింది. పరుగు పందేనికి కూడా అది వర్తిస్తుందా అనేది లాయర్లు తేల్చుకోనీండి. నా మటుకు, అడక్కుండా వెళ్ళకూడదు. దారి చూపడం, వంట, నీళ్ళ స్టాల్స్ పని ఆ ఊళ్ళవాళ్ళకే ఇవ్వాలి. కూలి ముందే చెప్పి, ఆ సాయంత్రమే చేతిలో పెట్టాలి. దాన్ని విరాళం లెక్కలో రాయకండి బాబూ, అది ఖర్చు.

ఈ రెండిటికీ జవాబున్న పోస్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. ఆ రోజే కాలవ గట్టు వదిలేసి, పెద్దాపురం పాండవుల మెట్ట మీద ప్రాక్టీసు మొదలెడతాను.