కారుకి సొంతవైద్యం: అపోహలు – వాస్తవాలు

కారు షాంపూ ధర చూడగానే చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: ‘సబ్బు నీళ్లేగా, మనమే కలుపుకుంటే పోలా!’ ఆ మాటలో కొంత నిజం ఉంది. ఇంట్లో కలుపుకుని బాగా డబ్బు మిగుల్చుకోవచ్చు. కాకపోతే ఏం కలపాలో, ఎంత కలపాలో తెలిసి ఉండాలి. కారు మెరుపంతా పెయింటు పైనుండే క్లియర్‌కోట్‌ది. దాని మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. తల వెంట్రుక కంటే పలచన. మన ప్రయోగాలన్నీ దాని మీదే జరుగుతాయి, అరిగిన పొర మళ్లీ పెరగదు.

అపోహ: సర్ఫు నీళ్లైనా, గిన్నెలు తోమే లిక్విడ్ అయినా షాంపూతో సమానమే.

వాస్తవం: ఒక్కసారి కడిగినంత మాత్రాన పెయింటు ఊడిపోదు. కానీ బట్టల పౌడరులో చాకలిసోడా ఉంటుంది, క్షారగుణం ఎక్కువ. పొడి పూర్తిగా కరగకపోతే ఆ రవ్వలు గీతలు పెడతాయి. గిన్నెల లిక్విడ్ జిడ్డు వదిలించడానికి పుట్టింది కాబట్టి కారు మీది వాక్స్‌ని కూడా జిడ్డుగానే లెక్కగట్టి లాగేస్తుంది. పాత వాక్స్ తీసేసి కొత్తది పట్టించాలనుకున్న రోజు అది పనికొస్తుంది. వారం వారం వాడితే వాక్స్‌కి పెట్టిన డబ్బు కాలవలో పోసినట్టే. కారు షాంపూలో మురికిని వదిలించే పదార్థంతో పాటు, దుమ్ము రేణువు గీరకుండా జారిపోవడానికి తగిన జారుడు గుణం కూడా ఉంటుంది.

అపోహ: ఇంట్లో చేసిన షాంపూ చిక్కగా, బాగా నురగ వచ్చేలా ఉంటే నాణ్యమైనదే.

వాస్తవం: కెమికల్ షాపుల్లో దొరికే యాసిడ్ స్లర్రీ, ఎస్‌.ఎల్‌.ఈ.ఎస్‌. అనే నురగ రసాయనాలతో క్లీనింగ్ లిక్విడ్ చేసి, దాన్నే కారుకీ వాడేవాళ్లున్నారు. అందులో చిక్కదనం చాలావరకు ఉప్పు వేయడం వల్ల వచ్చేదే. ఉప్పు మురికిని వదిలించదు, సరిగా కడగకపోతే ఇనుముకి మాత్రం శత్రువు. ఇక స్లర్రీ బలమైన ఆమ్లం. దానికి తగినంత కాస్టిక్ సోడా పడకపోతే ఆమ్లం మిగులుతుంది, ఎక్కువ పడితే క్షారం మిగులుతుంది. పి.హెచ్. కాగితంతో చూడకుండా ఆ తేడా కంటికి తెలియదు. రెండింటికీ నురగ ఒకేలా వస్తుంది.

అపోహ: కుంకుడుకాయ, నిమ్మకాయ, వెనిగర్ సహజమైనవి, వాటితో హాని ఉండదు.

వాస్తవం: కుంకుడులోని సపోనిన్లు నిజంగానే సబ్బులా పనిచేస్తాయి. కానీ ఆ రసం రెండు మూడు రోజుల్లో పులిసి పాడవుతుంది, వడకట్టినా పిప్పి మిగులుతుంది. నిమ్మరసం, వెనిగర్ ఆమ్లాలు. అద్దం మీద నీటి మరకలు పోవడానికి వెనిగర్‌లో అంతే నీరు కలిపి తుడిచి, వెంటనే కడిగేస్తే ఫలితం ఉంటుంది. ఎండలో కాలుతున్న బానెట్ మీద, పూత లేని అల్యూమినియం మీద వద్దు. వెనిగర్‌లో వంటసోడా వేస్తే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్. పొంగు చల్లారాక మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లు. రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయన్నమాట.

అపోహ: నీళ్లదేముంది, బోరు నీళ్లయినా ఒకటే.

వాస్తవం: తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. ఆ లెక్కన 10 లీటర్ల బకెట్ నీళ్లు కారు మీదే ఎండిపోతే 5 గ్రాములు, అంటే దాదాపు ఒక టీస్పూను లవణం అక్కడే మిగులుతుంది. చాలా బోర్లలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. తెల్లటి మరకలకు కారణం ఇదే. కడగడానికి బోరు నీళ్లు వాడినా ఎండకముందే తుడిచేయాలి. స్ప్రే సీసాలో కలిపే మందులకు మాత్రం బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడాలి.

అపోహ: మందు ఎక్కువ పోస్తే మురికి బాగా పోతుంది.

వాస్తవం: మోతాదు దాటితే మురికి స్థానంలో మందు అంటుకుంటుంది, జిడ్డు చారలు మిగులుతాయి. అసలు పొరపాటు లెక్క దగ్గరే జరుగుతోంది. డబ్బా మీద 1:10 అంటే ఒక వంతు మందు, పది వంతుల నీళ్లు, మొత్తం పదకొండు వంతులు. 500 మిల్లీలీటర్ల సీసాకు 45 మి.లీ. మందు చాలు. నీటితో మళ్లీ కడగనవసరం లేని రిన్స్‌లెస్ వాష్ రకాల్లో 1:256 పాళ్లు కూడా ఉంటాయి. 10 లీటర్ల బకెట్‌కు 39 మి.లీ. సరిపోతుంది. చిక్కటి మందు కొని కొలిచి పలచన చేసుకోవడంలోనే అసలు పొదుపు ఉంది.

అపోహ: మైనం, టర్పెంటైన్ కరిగిస్తే ఇంట్లోనే వాక్స్ తయారు.

వాస్తవం: బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నౌబా మైనం కరగాలంటే 80 డిగ్రీల పైన వేడి కావాలి. టర్పెంటైన్ ఆవిరికి 35 డిగ్రీల దగ్గరే నిప్పంటుకోగలదు. మన మే నెల మధ్యాహ్నం అంతకంటే వేడిగా ఉంటుంది. వంటింటి స్టవ్ మీద ఈ రెండింటినీ కలిపి కాచడమంటే ప్రమాదాన్ని పిలిచి పీట వేయడమే. ఇక కొవ్వొత్తి మైనం రుద్దితే ఎండకు మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది.

అపోహ: రెండు క్లీనర్లు కలిపితే పవర్ రెట్టింపు.

వాస్తవం: బ్లీచింగ్‌తో టాయిలెట్ యాసిడ్ గానీ వెనిగర్ గానీ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా కలిస్తే క్లోరమిన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీసేవే. అల్లాయ్ వీల్స్ తెల్లబడతాయని టాయిలెట్ యాసిడ్ పోసేవాళ్లు చక్రాన్నీ, చేతుల్నీ పాడుచేసుకుంటారు.

అపోహ: హెడ్‌లైట్లకు టూత్‌పేస్టు, డాష్‌బోర్డుకు కొబ్బరినూనె.

వాస్తవం: టూత్‌పేస్టులోని సన్నటి గరుకు పొడి హెడ్‌లైట్ మీది పసుపు పొరను గీకుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పూత అప్పటికే పోయి ఉంటుంది కాబట్టి పసుపు మళ్లీ వస్తుంది. కొబ్బరినూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, ఎండకు కంపు కొడుతుంది, దాని మెరుపు ముందు అద్దంలో ప్రతిఫలించి డ్రైవరు చూపుకు అడ్డొస్తుంది.

మరి నిక్షేపంగా ఇంట్లో చేసుకోదగ్గది ఏదీ లేదా? ఉంది. నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే అద్దాలకు మంచి క్లీనర్. నిప్పుకు దూరంగా ఉంచాలి, టచ్‌స్క్రీన్ మీద వాడకూడదు. ఏది కలిపినా కొలపాత్రతో కొలవండి, సీసా మీద పేరు, పాళ్లు, తేదీ రాయండి. కూల్‌డ్రింక్ సీసాల్లో మాత్రం పోయకండి, ఇంట్లో పిల్లలుంటారు. నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు, కంటికి కనబడని మూల మీద ముందు పరీక్షించండి. పలచన చేయడం ఇంటి పని, తయారుచేయడం ఫ్యాక్టరీ పని. ఈ గీత దాటకపోతే డబ్బూ మిగులుతుంది, పెయింటూ మిగులుతుంది.