శిశువుల నోటికిచ్చు పీక : దాని మేలైన నిర్మాణము

1. ఏడ్చు శిశువును ఊరడించుటకై నోటనుంచు పాలు లేని రబ్బరు మొనను పీక యనియు, తేనెపీక యనియు వ్యవహరింతురు. ఇది తిరునాళ్లలోను, వీధి యంగళ్లలోను ఆటవస్తువులతోపాటు అమ్మబడుచుండును. వెల స్వల్పమగుటచే పరీక్షించి కొనువారరుదు. అయినను ఇది శిశువు నోటియందు గంటలకొలది నిలుచు వస్తువు. దీనియందలి లోపము ఊపిరికిని, కడుపునకును నేరుగా ముప్పు తెచ్చును. కావున మంచి పీక యెట్లుండవలెనో, చెడ్డదానిని ఎట్లు గుర్తింపవచ్చునో పురపాలక, తాలూకా అధికారుల యుపయోగార్థము ఈ క్రింద వివరింపబడుచున్నది.

2. పూర్వము పలు దేశములలో గుడ్డ కొనయందు చక్కెర ముడివైచి శిశువునకు చీకనిచ్చుచుండిరి. రబ్బరు మొన, పెదవులకు వెలుపల నిలుచు అడ్డుబిళ్ళ, పట్టుకొనుటకు వలయము అను మూడు భాగముల రూపమునకు న్యూయార్కు నగరపు ఔషధవిక్రేతయగు క్రిస్టియన్ మైనెకీ 1900 సంవత్సరమున పేటెంటు పొందెను. నేటి పీకలు సామాన్యముగా నీ రూపముననే యుండును. దీనిని మెరుగుపరచుటయన రంగులు మార్చుట గాదు. ప్రతిభాగమును అది వారింపవలసిన యపాయమునకు తగినట్లు చేయుటయే.

3. అడ్డుబిళ్ళ. ఇది చిన్నదైనను, మిక్కిలి మెత్తనిదైనను పీక మొత్తము నోటిలోనికి జారి గొంతున అడ్డుపడును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1978 ఫిబ్రవరి నుండి అమలునకు వచ్చిన నిబంధనల ప్రకారము, కొలత ప్రకారము చేసిన రంధ్రముగల పలకలో పీకనుంచి సుమారు 0.9 కిలోల బలముతో 10 సెకండ్లు లాగినను అడ్డుబిళ్ళ ఆ రంధ్రమున దూరిపోరాదు. బిళ్ళయందు ఎదురెదురుగా కనీసము రెండు రంధ్రములు, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్లకు తక్కువ గాకుండ నుండవలెను. బిళ్ళ ముక్కునకును నోటికిని అంటుకొనినప్పుడు గాలి యాడుటకును, ఒకవేళ లోనికి పోయినయెడల వ్రేలితోనో పనిముట్టుతోనో పట్టి తీయుటకును ఇవి యవసరము.

4. అతుకులు. చౌక పీకలలో మొన వేరుగ చేసి బిళ్ళకు తొడుగుదురు. కొన్నాళ్లకు అతుకు సడలి మొన ఊడును. ఆ సందులలో ఎంగిలియు మురికియు చేరును. పైన చెప్పిన నిబంధనలలో మొనను సుమారు 4.5 కిలోల బలముతో 10 సెకండ్లు లాగవలెను. పిదప 5 నిమిషములు మరుగు నీటనుంచి, చల్లార్చి, మరల లాగవలెను. ఇట్లు ఆరు మారులు చేసినను చిన్న ముక్క యేదియు ఊడి రాకూడదు. మొన, బిళ్ళ, పిడి ఒకే పోతగా నున్న పీకయందు అతుకే లేదు గనుక, ఊడు భయము తక్కువ, కడుగుట సులభము.

5. వలయము, త్రాడు. పిడి బిళ్ళనుండి 16 మిల్లీమీటర్లకు మించి పొడుచుకొని రాకూడదు. శిశువు బోరగిలినప్పుడు పొడవైన పిడి పీకను లోనికి నెట్టును. పీకకు త్రాడు కట్టి మెడలో వేయుట మిక్కిలి ప్రమాదకరము. ఆ త్రాడు దేనికైన తగుల్కొనినచో మెడకు ఉరి పడును. త్రాడుతో అమ్ము పీకను కొనరాదు.

6. మొన పదార్థము. సహజమగు రబ్బరు మెత్తనిదే గాని, ఎండకును వేడికిని జిగటబారి పగుళ్లు వారును. సిలికోను మరుగునీటికి బాగుగ నోర్చుకొనును గాని, పండ్లు వచ్చిన పిల్లలు కొరికినచో చీలును. కావున ఏ పదార్థమైనను దినదినము లాగి చూచి, పగులుగాని చీలికగాని కనబడిన తోడనే పారవేయవలెను.

7. తేనె. కొన్ని పీకలలో తేనె నింపి యమ్ముదురు. కొన్ని యిండ్లలో పీకను తేనెలో ముంచి యిత్తురు. తేనెయందు బొట్యులిజము అను జబ్బు కలిగించు సూక్ష్మజీవి బీజములుండవచ్చును. ఏడాది నిండని శిశువు ప్రేవులలో అవి మొలకెత్తి విషము పుట్టించును. మలబద్ధకము, కనురెప్పలు వ్రాలుట, చప్పరించు బలము తగ్గుట, తుదకు ఊపిరి నిలుచుట దీని లక్షణములు. సామాన్యముగా మరిగించినంత మాత్రమున ఆ బీజములు చావవు. 2018 సంవత్సరమున అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నలుగురు శిశువులు ఈ జబ్బుతో ఆసుపత్రి పాలైరి. నలుగురును మెక్సికోలో కొన్న తేనె నింపిన పీకలను చీకినవారే. పేరు తేనెపీక యైనను దానిలో తేనె యుండరాదు. చక్కెరయు, బెల్లపు పాకమును పండ్లను పుచ్చును గనుక అవియు కూడవు.

8. వాడుక. ఎంత మేలైన పీకయైనను తల్లిపాలకు బదులు గాదు. ఆకలి యేడుపును పీకతో ఆపినచో శిశువునకు పాలు చాలవు, తల్లికి పాలు తగ్గును. చన్నుపట్టు చక్కగా కుదిరినపిదపనే, అదియు నిద్రపుచ్చువేళ మాత్రమే యిచ్చుట మంచిది. ఎడతెగక చీకు పిల్లలకు చెవిపోటు హెచ్చుగ వచ్చును; ఫిన్లాండులో పీకను నిద్రవేళకు పరిమితము చేయింపగా చెవిజబ్బు 29 శాతము తగ్గినట్లు 2000 సంవత్సరమున ప్రకటింపబడినది. రెండు మూడేండ్లు వచ్చునప్పటికి మాన్పింపనిచో పలువరుస వంకరపోవును.

9. అధికారులు చేయదగినవి. మన దేశమున 1992 నాటి శిశు ఆహార చట్టము పాలసీసాల ప్రకటనలను నిషేధించుచున్నది. దాని నిర్వచనమున సీసాకు తగిలించు మొనయు చేరును గాని, విడి పీక ప్రత్యేకముగా పేర్కొనబడలేదు. కావున పీక విషయమున హెచ్చరికయు, బోధయు ముఖ్యసాధనములు.

(అ) తిరునాళ్లకు ముందు అంగళ్లనుండి మాదిరి పీకలను కొని, బిళ్ళ కొలతను, రంధ్రములను చూచి, మరిగించి లాగి పరీక్షింపవలెను. ముక్క ఊడిన పీకను అంగడివానికి చూపి, అట్టివి అమ్మవలదని చెప్పవలెను. ఇది జల్లెడవంటి పరీక్షయే గాని ప్రయోగశాల నిర్ణయము గాదు.

(ఆ) శిశుసంరక్షణ కేంద్రములలో ఒకరి పీక మరియొకరికి ఇయ్యరాదు. పేరు వ్రాసిన మూతగల డబ్బా ప్రతి శిశువునకు వేరుగ నుండవలెను.

(ఇ) క్రిందపడిన పీకను కొంగుతో తుడిచిగాని, పెద్దల నోటనుంచిగాని మరల ఇయ్యరాదనియు, తేనె ముంచరాదనియు ప్రసూతి కేంద్రములలో తల్లులకును, ముఖ్యముగా అవ్వలకును తెలుపవలెను. పలు కుటుంబములలో శిశువు నోటికేది యందవలెనో నిర్ణయించువారు వారే.