పేపరు నుంచి ఫోనుకు: చెన్నైలో తెలుగు విలేకరి పని ఎలా మారింది?

చెన్నైలో ఏ తెలుగు సంఘం కార్యక్రమానికి వెళ్ళినా ఒకప్పుడు నిర్వాహకులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "రేపు పేపర్లో వస్తుందా అండీ?" ఇప్పుడు సభ ముగియకముందే "లింకు ఎప్పుడు పంపిస్తారు?" అంటున్నారు. ప్రశ్న మారింది. దాని వెనుక విలేకరి పని ఎంత మారిందో మాత్రం చాలా ఇళ్ళకు తెలియదు. అది తెలిస్తేనే మన ఊరి తెలుగు వార్త ఎందుకు తగ్గుతోందో, దాన్ని నిలబెట్టుకోవడానికి మనం ఏం చేయొచ్చో అర్థమవుతుంది.

పత్రికలు తరలిపోయాయి

తెలుగు పత్రికలకు ఈ నగరం ఒకప్పుడు పుట్టిల్లు లాంటిది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన 'ఆంధ్ర పత్రిక'ను 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రికగా నడిపారు. జార్జిటౌన్‌లోని తంబుచెట్టి వీధి దాని చిరునామా. 1938లో 'ఆంధ్రప్రభ' ఇక్కడే మొదలైంది. 1947లో 'చందమామ' తెలుగు, తమిళ భాషల్లో ఇక్కడి నుంచే వెలువడింది. 1953లో మద్రాసు లేకుండా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1959లో ఆంధ్రప్రభ విజయవాడకు వెళ్ళిపోయింది. ఆంధ్ర పత్రిక 1991లో ఆగిపోయింది. సినిమా పరిశ్రమ హైదరాబాదు చేరడంతో కోడంబాక్కం స్టూడియోల చుట్టూ తిరిగిన సినిమా విలేకరులకూ పని తగ్గింది.

ఆ తర్వాత తెలుగు రాష్ట్రాల దినపత్రికలు చెన్నైకి కేటాయించే పేజీలే మనకు ఆధారమయ్యాయి. ఆ పేజీలకు రాసేవారిలో నెలజీతం ఉన్నవారు కొద్దిమందే. మిగతావారు కంట్రిబ్యూటర్లు. అచ్చయినంత మేరకు లెక్కగట్టి ఇచ్చే 'లైన్ అకౌంట్' వారి రాబడి. పేజీ తగ్గితే వార్త తగ్గుతుంది, వార్త తగ్గితే ఆ లెక్కా తగ్గుతుంది. 2020లో కరోనా వచ్చి పత్రికలు పేజీలు కుదించుకున్నప్పుడు ముందుగా దెబ్బ తగిలింది ఇలాంటివారికే. అలా చాలామంది సొంతంగా, ఫోను పట్టుకుని రంగంలోకి దిగారు.

ఒక్కరే నలుగురి పని

ఇదివరకు విలేకరి వార్త రాస్తే ఫోటో ఒకరు తీసేవారు, డెస్కులో సబ్ ఎడిటర్ దిద్దేవారు, మరొకరు పేజీ పెట్టేవారు. ఇప్పుడు అవన్నీ తానే. సాయంత్రం టి.నగర్‌లో సభ ఉంటే ఫోటోలు, చిన్న వీడియో తీసుకుని, తిరుగు ప్రయాణంలో బస్సులోనే వార్త కొట్టి, శీర్షిక పెట్టి, రాత్రికల్లా వాట్సాప్ గ్రూపులకు చేర్చాలి. డెస్కు లేకపోవడమే ఇందులో పెద్ద ప్రమాదం. ముఖ్య అతిథి పేరు తప్పు పడితే దిద్దే దిక్కుండదు. అందుకే మేము పంపేముందు పేర్లు, హోదాలు, తేదీ మరొకరికి చదివి వినిపిస్తాం. ఐదు నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు.

టైపింగు కూడా మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. అచ్చు కోసం అను ఫాంట్లలో కొట్టిన వ్యాసాన్ని అలాగే ఇంటర్నెట్‌లో పెడితే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను అమర్చుకోవడమే కారణం. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలు ఉంటాయి కనుక ఏ ఫోన్లోనైనా చదవొచ్చు, వెతికితే దొరుకుతుంది. పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నా, మార్చిన తర్వాత ఒకసారి చదివి దిద్దక తప్పదు.

చెన్నై విలేకరికి ఇంకో చిక్కు ఉంది. ఇక్కడి ప్రభుత్వ ప్రకటనలు తమిళంలో వస్తాయి. యంత్రానువాదం క్షణంలో తెలుగు చేసి పెడుతుంది. కానీ తమిళంలో 'అవసరం' అంటే తొందర, అత్యవసరం. 'అవసర చట్టం' అంటే ఆర్డినెన్సు. మాటను అలాగే వదిలేస్తే మనవాళ్ళు 'కావలసిన చట్టం' అనుకుంటారు. తమిళ లిపిలో త, ద లకు ఒకే అక్షరం కాబట్టి దామోదరంగారు తామోతరం అయిపోయే ప్రమాదమూ ఉంది. ఇక్కడ పుట్టి పెరిగి రెండు భాషలూ వచ్చిన విలేకరికి అసలు పెట్టుబడి ఈ తేడా తెలియడమే.

డబ్బు ఎక్కడి నుంచి?

"యూట్యూబ్‌లో బాగా వస్తుందటగా?" అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. మామూలు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు రెండు నిమిషాలు చూస్తారనుకుంటే ఏడాదిలో 1,20,000 సార్లు చూడాలి. పెరంబూరులో పిల్లల పద్యపఠన పోటీ వీడియోకు అన్ని కళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా అది గడప దాటడానికి మాత్రమే. తర్వాత వచ్చేది వీక్షణలను బట్టే.

అందుకే కొందరు సినిమా పుకార్ల వైపు, భయపెట్టే శీర్షికల వైపు జారిపోతారు. ఆ దారి పట్టనివారు అనువాదాలు, సబ్‌టైటిళ్ళు, డబ్బింగ్ మాటలు, వేడుకల వీడియోలు చేసి ఇల్లు గడుపుకుంటూ, మిగిలిన సమయంలో ఊరి వార్త రాస్తున్నారు. కార్యక్రమ ఖర్చులతో పాటు వీడియో ఖర్చూ నిర్వాహకులే ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. అది తప్పు కాదు. అయితే డబ్బు తీసుకుని చేసినదాన్ని ప్రకటన అని పాఠకుడికి చెప్పి తీరాలి. చెప్పకపోతే రేపు నిజమైన వార్తనూ ఎవరూ నమ్మరు.

చదవలేనివారికి వినిపించాలి

2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో పదో తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి అయింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు అక్షరాలు రాని పిల్లలు మన చుట్టూ ఎందరో ఉన్నారు. వారికి పేపరు కంటే ఫోనే నయం. చదవలేకపోయినా వింటారు. అందుకే చాలామంది విలేకరులు వార్తను రాయడంతో ఆగక రెండు నిమిషాల్లో చదివి కూడా పెడుతున్నారు. అవ్వ చదివే వార్తనే మనవరాలు వినగలుగుతోంది. ఈ మార్పుల్లో మాకు నిజంగా సంతోషం కలిగించేది ఇదే.

ఇక మన ఇళ్ళు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కార్యక్రమం వివరాలు వారం ముందే, అతిథుల పేర్లు తెలుగులో సరిగ్గా రాసి పంపండి. వార్తను ముందుకు పంపేటప్పుడు రాసినవారి పేరు కత్తిరించకండి. ఆ పేరు చూసే వారికి మరో పని దొరుకుతుంది. తప్పు కనిపిస్తే గ్రూపులో ఎగతాళి చేయకుండా నేరుగా చెప్పండి, దిద్దుతారు. సంఘం బడ్జెట్‌లో పూలదండలకు, శాలువాలకు రాసుకునే చోట రాసేవారి దారిఖర్చుకూ ఒక పద్దు పెట్టండి. పత్రికలు ఒక్కొక్కటే ఈ ఊరు విడిచి వెళ్ళాయి. విలేకరులూ పని మానుకుంటే మన పెళ్ళిళ్ళు, సభలు, బడుల కష్టాలు రాసిపెట్టేవారు ఇక్కడ ఎవరూ మిగలరు.