వస్తా వస్తానన్న విస్తా

ఈమధ్య మన సంఘం సమావేశాల్లో, భోజనాల పంక్తిలో కూర్చోగానే నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. “మీరు బ్యాంకువారు, రోజంతా కంప్యూటరు ముందే ఉంటారు కదా. మా లాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. విండోస్ 11 ఉచితంగా ఇస్తారంటున్నారు. మాకింకా రాలేదేమండీ?”

నేను చదివింది బి.కాం. డెబిట్ ఏ పక్కో, క్రెడిట్ ఏ పక్కో చెప్పగలను గాని యంత్రాల లోగుట్టు నాకేం తెలుస్తుంది! అయినా అడిగినవారిని ఊరికే పంపలేక తెలుసుకున్నంత చెబుతున్నాను. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. విండోస్ 10 ఉన్నవారికి అది ఉచితమే. కాని యంత్రంలో టి.పి.ఎం. 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసరు ఇంటెల్‌వారిదైతే ఇంచుమించు ఎనిమిదో తరానిదో, ఆ తరువాతదో కావాలి. ఇవి లేని లాప్‌టాప్ ముందు ఎన్నాళ్ళు కూర్చున్నా ఆ పిలుపు రాదు. పి.సి. హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్‌వారిదే చిన్న ప్రోగ్రాం ఒకటుంది. మీ యంత్రం పనికొస్తుందో రాదో అయిదు నిమిషాల్లో చెప్పేస్తుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్ళలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే, భద్రతకు సంబంధించిన సవరణలు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని 2025లో ప్రకటించారు.

ఇంత చెప్పినా “సరే లెండి, ఇంకొన్నాళ్ళు చూద్దాం” అని చెయ్యి కడుక్కోవడానికి లేచేవారున్నారు. వారిని చూస్తే నాకు 2007వ సంవత్సరం గుర్తుకొస్తుంది.

అప్పుడు నా ఉద్యోగం కొరాపుట్‌లో. ఇల్లు రాయగడలో. శనివారాలు బ్యాంకులు ఒంటిపూట పనిచేసే రోజులవి. మధ్యాహ్నం లెక్కలు సరిచూసి, తాళాలు అప్పగించి, దొరికిన బండి పట్టుకుని రాయగడ చేరేవాణ్ణి. సోమవారం తెల్లవారుజామున మళ్ళీ ప్రయాణం. పిల్లలకు తెలియదు గాని, రాయగడ 1992 అక్టోబరు 2 దాకా కొరాపుట్ జిల్లాలోదే. ఇంకా వెనక్కి వెళ్తే, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లా కింద, జయపురం సంస్థానంలో ఉండేది. మా తాతగారు సాలూరు నుంచి ఘాటీ ఎక్కి గుమాస్తా పనికి వచ్చింది ఆ కాలంలోనే. కింద ఊళ్ళో బంధువులు, పైన కొండల్లో ఉద్యోగం. మా కుటుంబం ఆ విధంగా సరిహద్దుకు ఇవతల ఉండిపోయింది.

నాన్నగారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తరువాత ఒక లావుపాటి నోటుబుక్కులో ఇంటి సంగతులన్నీ రాసిపెట్టారు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ సంవత్సరంలో ఎవరు ఘాటీ ఎక్కారు, ఎవరు దిగిపోయారు, ఎవరి పెళ్ళికి సంబారాలు సాలూరు నుంచి వచ్చాయి, అన్నీ. 2006లో ఆయన కళ్ళు దెబ్బతిన్నాయి. కంటి వెనక పొరలో మాక్యులా అనే మధ్యభాగం వయసుతో పాడయిందని విశాఖలో డాక్టరుగారు చెప్పారు. ఈ జబ్బులో పక్క చూపు ఉంటుంది, మధ్య చూపు పోతుంది. గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం కనిపించదు. నాన్నగారు తన చేత్తో రాసుకున్న పుస్తకం తానే చదవలేని స్థితికి వచ్చారు. అక్షరం పెద్దదిగా, వెలుతురు బాగా ఉంటే కొంతకాలం చదవగలరని డాక్టరుగారి మాట.

లాప్‌టాప్ ఆలోచన అప్పుడే వచ్చింది. డిసెంబరులో నాన్నగారిని వెంటబెట్టుకుని విశాఖ వెళ్ళాను. కొట్లో అబ్బాయి తెరమీద ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి చేస్తూ పోయాడు. 24 సైజు దగ్గర నాన్నగారు గడగడా చదివారు. ఆ ఒక్క పరీక్షతో యంత్రం కొనేశాను. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్. 2006 అక్టోబరు 26 నుంచి 2007 మార్చి 15 లోపల కొన్నవారికి కొత్తగా రాబోయే విండోస్ విస్తా ఉచితంగా పంపిస్తారని ఒక పథకం ఉండేది. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌కు విస్తా బిజినెస్.

“ఇందులో తెలుగు వస్తుందా బాబూ?” అన్నారు నాన్నగారు.

“దీంట్లో రాదండి. విస్తాలో లోపలే ఉంటుంది. డిస్కు ఇంటికే వస్తుంది” అన్నాడు అబ్బాయి. ఆ మాటలో రెండో సగం అక్షరాలా నిజం.

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు తాతగారి నోటుబుక్కు తీసుకెళ్ళి, సంక్రాంతికి 52 పేజీలు టైపు చేసి సీడీలో పెట్టి తెచ్చాడు. ఆనందంగా తెరిచాం. పేజీలనిండా డబ్బాలు! వరసగా పేర్చిన చిన్న చిన్న చదరాలు. మధ్యమధ్య కామాలు, ఫుల్‌స్టాపులు, 1936, 1952 లాంటి అంకెలు మాత్రం చక్కగా ఉన్నాయి. నాన్నగారికి విషయం చెప్పాను. “అంటే నా పుస్తకంలో సంవత్సరాలు మిగిలాయి, మనుషులు పోయారన్నమాట” అని నవ్వారు.

“మా ఆఫీసులో బాగానే కనిపించింది మావయ్యా. పోనీ పెద్దక్షరాలతో కాగితం మీద ప్రింటు తీసి పంపనా?” అన్నాడు మేనల్లుడు.

“ఎందుకురా కాగితం దండగ, నెలాఖరుకి విస్తా వస్తోందిగా” అన్నాను. ఈ మాట అన్నది కొట్లో అబ్బాయి కాదు, కంపెనీవారు కాదు, నేనే.

విస్తా 2007 జనవరి 30న అందరికీ విడుదలయింది. అసలు దాని పుట్టుకే ఆలస్యం. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పటినుంచీ లాంగ్‌హార్న్ అనే పేరుతో తయారవుతూనే ఉంది. 2004లో చేసిన పనిలో చాలాభాగం పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. 2006 చివరి పండగల అమ్మకాలకు అందదని అదే ఏడు మార్చిలో చెప్పేశారు. ఉచిత పథకం పెట్టడానికి కారణమూ అదే. ఇంకో రెండు నెలలు ఆగితే కొత్తది వస్తుందని జనం కొనడం మానేస్తే, పండగ బేరం ఏం కావాలి? ఇప్పుడు కొనండి, కొత్తది తరువాత పంపుతాం అన్నారు. మా భాషలో చెప్పాలంటే సరుకు ఇవ్వకుండానే అమ్మకం జమ రాసుకున్నారు.

బిల్లు నకలు, లాప్‌టాప్ నంబరు జతచేసి దరఖాస్తు పంపాను. ఉచితమే గాని పంపే ఖర్చులు మనవి. అవీ కట్టాను. ఫిబ్రవరి గడిచింది, మార్చి గడిచింది. ఫోను చేస్తే “మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది” అనేవారు. ఆ వాక్యం వినగానే నాకు నోట మాట రాలేదు. కౌంటరు అవతల నిలబడ్డవారికి నేను ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన వాక్యమే అది!

శనివారం రాత్రి నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే లోపలినుంచి వినిపించేది: “ఏరా, వచ్చిందా?” లేదంటే, “వస్తా వస్తానంటుంది కాబట్టే దానికి విస్తా అని పేరు పెట్టారేమోరా” అనేవారు. సర్వజిత్తు ఉగాదినాడు పంచాంగం చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, మా ఆవిడకిచ్చి “నువ్వు చదువమ్మా” అన్నారు. అంతకుముందు ఏడాది ఆయనే చదివారు. ఏప్రిల్ 30కి విడుదలై తొంభై రోజులు నిండాయి. బ్యాంకు నిబంధన ప్రకారం తొంభై రోజులు దాటిన బాకీ నిరర్థక ఆస్తి. ఆ మాట నవ్వుతాలుకి ఇంట్లో అన్నాను. ఎవరూ నవ్వలేదు.

జూన్‌లో మా శాఖకు విజయనగరం కుర్రాడొకడు ప్రొబేషనరీ ఆఫీసరుగా వచ్చాడు. ఒకనాడు సాయంత్రం నా గదికి కాఫీకి వచ్చి, తెరమీద డబ్బాలు చూశాడు.

“ఇదేంటి సార్, తెలుగు ఆన్ చెయ్యలేదా?”

“దీంట్లో తెలుగు లేదయ్యా.”

“ఉంది సార్. మూసేసి ఉంచారు, అంతే.”

కంట్రోల్ ప్యానెల్ తెరిచాడు. ప్రాంతాలు, భాషలు అన్నచోటికి వెళ్ళి, సంక్లిష్ట లిపుల ఫైళ్ళు వెయ్యమన్న చిన్న గడిలో ఒక టిక్కు పెట్టాడు. యంత్రం ఎక్స్‌పీ సీడీ అడిగింది. మాకిచ్చిన సామానులో ఆ సీడీ లేదు. వాడు తడుముకోలేదు. ఆ ఫైళ్ళు సి డ్రైవులోనే ఐ386 అనే సంచిలో ఉంటే దారి చూపించాడు. యంత్రం ఆగి మళ్ళీ వెలిగింది. మొత్తం పది నిమిషాలు. మేనల్లుడి ఫైలు తెరవగానే మొదటి పేజీలో మా తాతగారి పేరు!

తరువాత తెలుసుకున్న సంగతి చెబుతాను. మన లిపుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో అచ్చు చాలదు. ‘స్త్రీ’ అని రాయాలంటే ఒత్తులు, గుడి దీర్ఘం తమతమ చోట్ల చేరి ఒకే బొమ్మ కావాలి. విండోస్‌లో ఆ కూర్పు పని చేసేది యూనిస్క్రైబ్ అనే భాగం. హిందీ, తమిళం దానికి విండోస్ 2000 నాటికే తెలుసు. తెలుగు, కన్నడం, గుజరాతీ, పంజాబీ 2001లో ఎక్స్‌పీతో వచ్చాయి. గౌతమి అనే తెలుగు ఖతి ఎక్స్‌పీలోదే. అయితే అవసరం లేనివారికి చోటు దండగ అనుకున్నారో ఏమో, వాటిని మామూలుగా వెయ్యకుండా పక్కన ఉంచారు. విస్తాలో ఆ తలుపు తీసిపెట్టారు. కొట్లో అబ్బాయి చూసింది ఆ తేడానే. మేనల్లుడి ఆఫీసులో ఎవరో ఎప్పుడో టిక్కు పెట్టి ఉంటారు, వాడికీ తెలియదు. మేం ఎదురుచూసిన అయిదు నెలలూ గౌతమి ఆ పెట్టెలోనే, మా బల్లమీదే ఉంది.

ఆ శనివారం చెప్పులు విడవకుండానే “వచ్చింది నాన్నా” అన్నాను. డిసెంబరులో 24 సరిపోయిన కళ్ళకు ఇప్పుడు 48 కావలసి వచ్చింది. వరసకు రెండు మూడు మాటలు పట్టేవి. ఆయన తల కాస్త పక్కకు వాల్చి, మిగిలిన పక్క చూపుతో ఒక్కొక్క మాటే పట్టుకునేవారు. రోజుకు అరపేజీ, ఒంట్లో బాగుంటే పేజీ. చదివినంతమేర పసుపు రంగు వెయ్యమనేవారు. టైపు తప్పులు వదిలేవారు కాదు. “శకటరేఫం పోగొట్టాడు వెధవ” అని మనవణ్ణి మెచ్చుకోలుగా తిట్టారు.

జూలైలో, మంచి వానల్లో, విస్తా డిస్కు వచ్చింది. నా అవసరం తీరిపోయింది గనుక సొరుగులో పడేద్దామనుకున్నాను. మా శాఖలో క్యాష్ చూసే ఒడియా మిత్రుడు, నేను భాయినా అని పిలిచేవాణ్ణి, అడ్డుపడ్డారు. నా యంత్రంలో తెలుగు వచ్చిన రోజునుంచీ ఆయన కూడా టిక్కులు పెట్టి చూస్తున్నారు. ఎక్స్‌పీలో ఒడియా ఉంటే కదా! మన రెండు లిపులకూ యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. కాని విండోస్‌లో ఒడియా అక్షరం కూడిరావడం విస్తాతోనే మొదలు. దాని ఖతి పేరు కళింగ. తెలుగువాడికి అక్కర్లేని డిస్కుకోసం ఒడియా ఆయన నాకన్నా ఎక్కువ ఎదురుచూశారన్నమాట. పొరుగు రాష్ట్రంలో ఉంటూ, ఆ రాష్ట్రం భాషవారికన్నా మనకే ముందు అందిన సౌకర్యం అది. నాకు కొంచెం సిగ్గేసింది.

“డిస్కు ఒక్కరోజు ఇవ్వండి, మా ఇంటి కంప్యూటరులో వేసుకుంటాను” అన్నారు. ఒక యంత్రానికి ఇచ్చింది ఇంకోదానికి వెయ్యకూడదు. బ్యాంకువాణ్ణి, ఎలా ఇస్తాను? నా లాప్‌టాప్‌లోనే వేశాను. 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి గల ఆ పెట్టెమీద విస్తా బరువు ఎంతంటే, మీట నొక్కి కాఫీ పెట్టుకుని తాగి వస్తే తెర వెలిగేది. భాయినా బ్యాంకు అయ్యాక వచ్చి, ఓపికగా కూర్చుని, ఒక్క వేలితో వాళ్ళ అమ్మగారికి ఒడియాలో ఉత్తరం కొట్టారు. భాష పేరు ఆ జాబితాలో ఒరియా అనే ఉండేది. అధికారికంగా ఒడియా అని మారింది 2011లో.

నాన్నగారికి ఆ ఏడు దసరా దాటాక 48 కూడా చాలలేదు. 72 పెట్టాం. వరసకు ఒక్క మాట. దీపావళి తరువాత “ఇక నువ్వు చదువు, నేను వింటాను” అన్నారు. మిగిలిన పేజీలు శనివారాలు నేనే చదివి వినిపించాను.

విస్తా పోయింది, ఆ లాప్‌టాప్ పోయింది. విండోస్ 10ని 2015లో ఉచితంగా ఇచ్చినప్పుడు తెరమూల గుర్తు చూస్తూ కూర్చోకుండా, ముందు యంత్రం సంగతి, అక్షరాల సంగతి కనుక్కునే వేసుకున్నాను. మేనల్లుడి ఫైలు మాత్రం ఒకదాన్నుంచి ఒకదానికి మారుతూ నాతోనే ఉంది. మొత్తం 52 పేజీలు. పసుపు రంగు 31వ పేజీలో, మా తాతగారి ఎడ్లబండి సాలూరు ఘాటీ సగం ఎక్కిన చోట ఆగిపోయింది.