పోలికలు పట్టిన ప్యాట్

ఎవరో రాసిన ప్రోగ్రామును బాగుచేయాల్సి వచ్చినవాళ్లకు ఈ బాధ తెలుసు. వందల కొద్దీ క్లాసులు, అంటే ప్రోగ్రాములోని ముక్కలు, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఉంటాయి. రాసినవాళ్లు ఉద్యోగం మారి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. ఏ క్లాసు ఎందుకుందో చెప్పే దిక్కుండదు.

1994లో ఎరిక్ గామా, రిచర్డ్ హెల్మ్, రాల్ఫ్ జాన్సన్, జాన్ వ్లిసిడెస్ రాసిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం, చేయి తిరిగిన ప్రోగ్రామర్లు పదేపదే వాడే 23 అల్లికలకు, అంటే ప్యాటర్న్లకు, పేర్లు పెట్టింది. "ఇది కాంపోజిట్" అంటే చాలు, ఫోల్డరులో ఫైళ్లూ మళ్లీ ఫోల్డర్లూ ఉన్నట్టుండే కట్టడమని తెలిసిపోతుంది. మరి పాత కోడులో ఈ అల్లికలను వెతికేదెవరు?

జర్మనీలోని కార్ల్స్‌రూహేలో క్రిస్టియన్ క్రేమర్, లుట్జ్ ప్రెషెల్ట్ ఆ పని యంత్రానికి అప్పగించారు. 1996లో వాళ్లు లోకానికి చూపిన ఆ సాధనం పేరు ప్యాట్. అది సీ ప్లస్ ప్లస్ హెడర్ ఫైళ్లు చదివి ఏ క్లాసు దేని నుంచి పుట్టిందో, ఏది దేన్ని తనలో పెట్టుకుందో రాసుకుంటుంది. ఆ వివరాలన్నీ ప్రోలాగ్ భాషలో వాస్తవాలవుతాయి, ప్యాటర్న్లు నియమాలవుతాయి. కాంపోజిట్‌కు నియమం ఇలా ఉంటుంది: ఒక క్లాసు మరొక క్లాసు నుంచి పుట్టాలి, తనను కన్న ఆ రకం వస్తువులనే తనలో పెట్టుకోవాలి. ఇక ఒకే ఒక్క ప్రశ్న వేస్తే ప్రోలాగ్ ఆ వాస్తవాలన్నీ గాలించి సరిపోయే ప్యాటర్న్లను పట్టుకొస్తుంది.

నాలుగు ప్రోగ్రాముల మీద ప్యాట్‌ను నడిపి చూశారు. అది "ఇదిగో" అని చూపినవాటిలో నిజమైనవి సుమారు 40 శాతం. తక్కువే అనిపిస్తుంది గానీ, నా లెక్కలో అది గెలుపే. వేల వరుసలు చదివే బదులు కొన్ని అనుమానితాలను ఏరుకుంటే సరిపోతుంది కదా!

పదేళ్లకు, 2006లో, గ్రీసు దేశపు థెస్సలొనీకీలో నికోలావోస్ త్సంటాలిస్ బృందం క్లాసుల సంబంధాలను గణితపు మాత్రికలుగా మార్చి, పోలికకు మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. కాస్త మార్చి రాసిన ప్యాటర్న్ కూడా దానికి చిక్కింది. అయినా స్టేట్, స్ట్రాటజీ అనే రెండింటిని అది విడదీయలేక ఒకే గాటన కట్టింది. రెండింటి ఎముకల గూడూ ఒకటే మరి. వస్తువు తన స్థితి మారినకొద్దీ నడవడి మార్చుకుంటే స్టేట్, పని చేసే పద్ధతిని బయటివాళ్లు ఎంచి ఇస్తే స్ట్రాటజీ. తేడా అంతా రాసినవాళ్ల ఉద్దేశంలో ఉంది. గూడును ఎంత తడిమినా ఆ ఉద్దేశం చేతికి తగలదు.

మరి ఆ ఉద్దేశాన్ని రాసినవాళ్లే చెప్పిపెడితే? ప్యాట్‌ను తయారుచేసిన ప్రెషెల్టే సహచరులతో కలిసి దీనిపై రెండు ప్రయోగాలు చేసి, అంతకుముందే 2002లో ఫలితాలు ప్రచురించాడు. 74 మంది జర్మన్ విద్యార్థులకు జావాలో, 22 మంది అమెరికన్ విద్యార్థులకు సీ ప్లస్ ప్లస్‌లో ప్రోగ్రాములిచ్చి మార్పులు చేయమన్నారు. మామూలు కామెంట్లు అన్నిటిలోనూ ఉన్నాయి. కొన్నిటిలో మాత్రం ప్యాటర్న్ పేరు చెప్పే వరుసలు అదనంగా చేర్చారు. ఆ వరుసలు ఉన్నచోట పని త్వరగానైనా ముగిసింది, లేదా తప్పులైనా తగ్గాయి.

మీరు ప్రోగ్రామర్లయితే, ఇవాళ రాసే క్లాసు మీద ఆ ఒక్క వరుస రాసిపెట్టండి.